పసుపంటని వెలుగు

చావింట్లో నవ్విన మనిషిగా కొత్తపేటలో ఒక వీధికి నేను బాగా తెలుసు. కావాలని నవ్వలేదు. ఆమెను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. ముత్తయిదువలు చుట్టూ చేరి, భర్త ఉండగా పోయిన పుణ్యాత్మురాలంటూ ముఖానికీ చేతులకూ పాదాలకూ పసుపు మెత్తుతున్నారు. ఒక గిన్నె అయిపోతే ఇంకో గిన్నె కలిపారు. వేళ్ళ సందులు కూడా వదల్లేదు. ఆ వేళ్ళకు పసుపు అంటకుండా ఆమె ఎంత యుద్ధం చేసిందో ఎరిగినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆమె లేచి కూర్చుని, "ఇదంతా కడుక్కోవాలంటే ఎంత సబ్బు పడుతుందో చూడు తమ్ముడూ" అన్నట్టే అనిపించింది. నవ్వు వచ్చేసింది. రుమాలు అడ్డం పెట్టుకున్నాను, ఏడుస్తున్నాననుకుంటారని. ఎవరూ అనుకోలేదు. సగంలో అది ఏడుపుగానే మారింది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఎవరాయన?" అని ఒక పెద్దావిడ అడిగింది.

"బోర్డులు చేసే అతను" అని ఇంకెవరో చెప్పారు.

అది నిజమే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలకు ఒక సందు లోపల నా దుకాణం. ముందు గదిలో బేరాలు, వెనక గదిలో పని. కోచింగ్ సెంటర్లకు ఆక్రిలిక్ అక్షరాలు కోసి, వెనక లైట్లు పెట్టి ఇస్తాను. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశానని చెప్పుకుంటాను. బడి మాత్రం తానే నన్ను మానేశానంటుంది. అయినా ‘ఐఐటీ’ అనే మాటను ఈ నగరంలో నేను రాసినన్నిసార్లు రాసినవాడు ఉండడు. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు నేనొక కాలేజీ కరస్పాండెంటుతో బేరంలో ఉన్నాను. నలభై దాటిన మనిషి, నేత చీర, భుజాన లెక్చరర్లు తగిలించుకునే పెద్ద సంచి. బోర్డు కోసం వచ్చిందనుకుని "ఏం సబ్జెక్ట్ మేడం?" అన్నాను. ఆమె జవాబు చెప్పకుండా సంచిలో చెయ్యి పెట్టి రసమట్టం బయటికి తీసింది. తాపీమేస్త్రీలు గోడ వాలు చూసుకునే రసమట్టం. లెక్చరర్ల సంచిలోంచి కళ్ళద్దాలూ చాక్‌పీసులూ రావడం చూశాను గానీ అది రావడం అదే మొదలు.

"రెసిన్ అక్షరాలు పోస్తారటగా మీరు. పోసే బల్ల ఒకసారి చూడొచ్చా?"

వెనక గదిలో గాజుబల్ల ఉంది. రెసిన్ పల్చగా పోసి గట్టిపడేదాకా ఉంచాలంటే బల్ల వెంట్రుకవాసి కూడా వాలకూడదు. ఆమె రసమట్టాన్ని నిలువునా పెట్టింది, అడ్డంగా పెట్టింది, మూల నుంచి మూలకు పెట్టింది. బుడగ మధ్యలోంచి కదల్లేదు. పెళ్ళిచూపుల్లో కుర్రాడు నచ్చిన పిల్లలాగా ఆమె ముఖం ఒక్కసారి విచ్చుకుంది.

"మా కాలేజీలో ఇంత సమంగా ఉన్న బల్ల లేదండీ. ఒక మూల నాకిస్తారా?"

"ఈ దుకాణంల సక్కగ ఉన్నది బల్ల ఒక్కటే మేడం. మిగతాదంతా వంకరనే."

"అది గుమ్మంలోనే అర్థమైందిలెండి."

అట్లా వచ్చి ఒక మూల అడిగిన మనిషి కొన్నాళ్ళకు గది మొత్తం ఆక్రమించింది. మేడం అక్కయింది. మీరు నువ్వయింది, రెండు వైపుల నుంచీ.

ఎల్‌బీ నగర్ దాటాక విజయవాడ రోడ్డు మీద ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె కెమిస్ట్రీ చెప్పేది. కృష్ణా జిల్లా మనిషి. పెళ్ళయి కొత్తపేటకొచ్చి ఎన్నేళ్ళయినా మాటలో ఒక్క అక్షరం కూడా ఇక్కడి నీళ్ళకు కరగలేదు. ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ మొదలుపెట్టింది.

"ఈ వయసుల చదువేందక్కా?" అంటే, "ఆ వయసులో నీకెందుకు అక్కర్లేకపోయింది తమ్ముడూ?" అనేది. ఆ తర్వాత నేనా ప్రశ్న మళ్ళీ వెయ్యలేదు.

కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళూ ఆమె ముడిసరుకంతా అక్కడే. దెబ్బతిని పక్కన పడేసిన బత్తాయిలు ఏరుకొచ్చుకునేది. మార్కెట్ ఊరవతలికి పోయాక తోపుడుబండ్ల దగ్గర కొనేది. రసం తీసి, గట్టి మూతున్న ఉక్కు డబ్బాలో పోసి కాలేజీ ల్యాబులో బాగా వేడి చేసి, వడగడితే టీ డికాక్షన్ లాంటి నీళ్ళు మిగిలేవి. వాటిని సీసాలో పోసుకుని నా దగ్గరికి తెచ్చింది.

"ఇందులో ఏముందో చెప్పు."

"బత్తాయి ఆత్మ."

"చుక్కలు. క్వాంటమ్ డాట్స్ అంటారు. ఇవి బొగ్గు చుక్కలు. మామూలు మైక్రోస్కోపుకు కూడా కనపడవు."

"కనపడనివి ఉన్నయని ఎట్ల నమ్మాలె?"

ఆమె నా బల్ల మీది టార్చి అందుకుంది. ఆక్రిలిక్ ముక్కలు అతికించే జిగురు గట్టిపడటానికి మేం కొట్టే ఊదారంగు లైటు అది. సీసా మీద వేసింది. డికాక్షన్ కాస్తా నీలంగా వెలిగింది. నేను గబుక్కున సీసా ఎత్తి అడుగున చూశాను, కింద ఏ బల్బు పెట్టిందోనని. ఏమీ లేదు. ఆ సంగతి ఆమె చివరిదాకా వదల్లేదు. దుకాణానికి ఎవరొచ్చినా "సీసా కింద దీపం వెతికిన మహానుభావుడు" అని నన్ను పరిచయం చేసేది.

కంటికి కనపడని వెలుతురును మింగి కనపడే వెలుతురుగా ఇవ్వడం ఆ చుక్కల గుణమట. మామూలు క్వాంటమ్ చుక్కలైతే చిన్నవి నీలంగా, పెద్దవి ఎర్రగా సైజును బట్టి వెలుగుతాయని చెప్పింది. "ఈ బొగ్గువి మాత్రం అంత చెప్పినమాట వినవు. వీటి రంగు ఎక్కణ్ణుంచి వస్తుందో పెద్ద పెద్దవాళ్ళే ఇంకా తేల్చుకోలేదు."

"మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్క."

ఆమె తిప్పలు వేరే చోట ఉన్నాయి. నీళ్ళలో ఉన్నంతసేపూ వెలిగే చుక్కలు, నీళ్ళు ఆరిపోతే ఒకచోట గుమిగూడి ఒకదాని వెలుగును ఒకటి మింగేసి ఆరిపోతాయి. అందుకని పీవీఏ అనే ప్లాస్టిక్ పొడిని వేడినీళ్ళలో కరిగించి, గంజిలా అయ్యాక చుక్కల నీళ్ళు కలిపి, ట్రేలో పల్చగా పోసి ఆరబెట్టేది. ఆరాక అద్దంలాంటి పొర వస్తుంది. చుక్కలు అందులో ఎక్కడివక్కడ చిక్కుకోవాలి.

"ప్లాస్టిక్ పని వాటిని పట్టుకోవడం ఒక్కటే కాదు తమ్ముడూ, విడిగా ఉంచడం. దగ్గరగానే, కానీ విడిగా."

"కొత్తగ పెండ్లైనోళ్ళతోని వేరు కాపురం పెట్టిచ్చినట్టు."

"ఉండు, థీసిస్‌లో రాసుకుంటాను."

పొర నిజంగా కుదిరితే బల్బుల చురుకు వెలుతురును మెత్తగా మార్చొచ్చట, ఎండకు వెలిసిపోయే వాటి మీద కప్పొచ్చట. నా బోర్డుల రంగు కూడా పదికాలాలు ఉంటుందంది. "గప్పుడు మళ్ళ కొత్త బోర్డులు ఎవరు చేయించుకుంటరక్కా, నా పొట్ట కొడతవా?" అన్నాను. ఆమెకు కావలసినవి రెండే. పొర మూల నుంచి మూలకు ఒకే తీరుగా వెలగాలి. ఎండలో నెల పెట్టినా వెలుగు తగ్గకూడదు. పీహెచ్‌డీ గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఆలోగా పొర రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దయి అన్నేళ్ళ చదువూ గంగలో కలుస్తుంది. డాక్టరేటు లేనివాళ్ళను తీసేస్తామని కాలేజీలో కూడా గుసగుసలు మొదలయ్యాయి. ఇవన్నీ ఆమె ఏడుస్తూ చెప్పలేదు, గంజి కలుపుతూ చెప్పింది.

ఆమె మాటల్లో నా చెవుల్లో మిగిలిపోయింది ఒకటే. "ఫ్యాన్ ఆపు తమ్ముడూ."

ద్రావణం పోసేటప్పుడు గాలి తగలకూడదు, దుమ్ము పడకూడదు. మే నెలలో, రేకుల కప్పు కింద, కిటికీ లేని గదిలో ఫ్యాన్ ఆపి మేమిద్దరం చెమటలో ఉడికేవాళ్ళం. ముందు గదిలో ఉన్న బేరగాళ్ళు పరేషాన్ అయి పారిపోయేవాళ్ళు. "అక్కా, నీ చుక్కలు ఆరేలోపు నా బతుకు ఆరిపోతది" అంటే, "నవ్వించకు, బుడగలొస్తాయి" అనేది. ఆమె నవ్వితే చెయ్యి కదిలేది, చెయ్యి కదిలితే గంజిలో బుడగలు లేచేవి. నాకు తెలిసి నా జోకులకు అంత భయపడ్డ మనిషి ఇంకొకరు లేరు.

పొర ఆరాక బ్లేడుతో ఒక మూల లేపి, ఊపిరి బిగబట్టి, వేలెడంత వేలెడంతగా ఊడదీసేది. "రా తల్లీ, రా" అని దాన్ని బతిమాలేది. నన్ను ముట్టనిచ్చేది కాదు. టార్చి చేతికందితే మాత్రం చిన్నపిల్లే. నా చొక్కా మీద, నోట్ల మీద, నా పళ్ళ మీద వేసి చూసేది. ఉతికిన తెల్లచొక్కా టార్చి కింద ధగధగ మెరిస్తే, "సబ్బుల్లో కలిపే మందు ఇది. తెలుపంతా అబద్ధం" అని సంబరపడేది. ఒకసారి తిరుపతి లడ్డు మీద కూడా వేసింది. ఏం కనపడిందో నాకు చెప్పలేదు, కళ్ళకద్దుకుని తినేసింది.

నెలలు గడిచినా పొరలు కుదరలేదు. కొన్ని మబ్బు పట్టినట్టు వచ్చేవి, కొన్ని ఒక పక్కే వెలిగేవి. అయితే అప్పుడప్పుడు ఒకటి మాత్రం మిగతావాటిని తలదన్నేలా వెలిగేది. కొన్నాళ్ళకు నేనొక మాట అన్నాను. "అక్కా, చూస్తున్నవా, నీ పొరలు శుక్రవారం పోస్తెనే మంచిగొస్తున్నయి. లక్ష్మీదేవి నా బల్ల మీద కూసుంటున్నది." ఎప్పటిలాగే వేళాకోళమే. ఆమె నవ్వింది. ఆ శుక్రవారపు పొరలను తన పీహెచ్‌డీ గైడుకు పంపింది. ఆయన యూనివర్సిటీలో మిషన్ మీద పెట్టి చూసి, ఇవి చాలు, రాసి ఇచ్చేయమన్నాడు. ఆ రోజు ఆమె మిర్చి బజ్జీలు తెచ్చింది. ఫ్యాన్ వేయనిచ్చింది.

మిగిలింది ఎండ పరీక్ష. ప్రతి పొరకూ సగానికి నల్ల కాగితం అతికించి, సగం విడిచిపెట్టి, ముందు గది కిటికీలో పెట్టేది. కొన్నాళ్ళయ్యాక కాగితం తీసి టార్చి వేస్తే, ఎండ తగిలిన సగం వెలుగు తగ్గి మధ్యలో గీత పడిందంటే పొర ఓడినట్టు. గీత కనపడకపోతే గెలిచినట్టు. మామూలు పొరల మీద గీత పడటానికి చాన్నాళ్ళు పట్టేది. అన్నిటికన్నా బాగా వెలిగిన శుక్రవారపు పొరల మీద మాత్రం నాలుగు రోజులకే గీత పడింది.

ఆమెకు అన్నం సయించలేదు. నీళ్ళు మార్చింది. బత్తాయిలు మార్చింది. ట్రేలు తోమిన సబ్బు మార్చింది. ఒక మధ్యాహ్నం గంజి కలుపుతూ ట్రే మీదికి వంగి, బుడగలున్నాయేమోనని టార్చి వేసింది. ఆమె మెడలోని పసుపుతాడు ముందుకు వేలాడి వెలుతురులోకి వచ్చింది. చిలక రెక్కలా పచ్చగా భగ్గుమంది.

ఆమె నిటారుగా నిలబడింది. మళ్ళీ వంగింది. తర్వాత తన వేళ్ళ మీద వేసుకుంది. గోళ్ళ అంచుల్లో అదే పచ్చదనం. శుక్రవారం తలంటుకుని, కాళ్ళకు పసుపు రాసుకుని, తాడుకు కొత్తగా పసుపు పట్టించి కాలేజీకి, అక్కణ్ణుంచి నా దుకాణానికి వచ్చే మనిషి ఆమె. మెల్లగా వెనక్కి జరిగి రెసిన్ డబ్బా మీద కూలబడింది.

"ఏందక్కా, లక్ష్మి దొరికిందా?"

"దొరికింది తమ్ముడూ. వెలిగింది చుక్కలు కాదు. పసుపు."

"పోనీ గదే రాసెయ్. పసుపు కలిపితే ఇంకా మంచిగ వెలుగుతదని."

"పసుపు వెలుగుతుందని లోకానికి ఎప్పుడో తెలుసు. ఎండకు చచ్చిపోతుందనీ తెలుసు." టార్చి ఆపేసింది. "నీ ఇల్లు బంగారం గానూ, ఎంత పనయ్యిందీ" అంది. తిట్టింది నన్నో, తననో, పసుపునో తెలియలేదు.

గైడుకు అక్కడి నుంచే ఫోన్ చేసింది. చేతులు కడుక్కుంటూ, స్పీకర్ పెట్టి పసుపు సంగతి చెప్పింది. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఆమె మేలు కోరే మనిషే. "అమ్మా, గడువు ముంచుకొస్తోంది. ఆ నాలుగు పొరలూ మళ్ళీ ఎవరు చేసి చూడొచ్చారు? రాసెయ్యి" అన్నాడు.

"ఎవరో ఒకరు చేస్తారు కదండీ, ఎక్కడో. పసుపు రాసుకోనివాళ్ళు. నేను రాసినట్టే చేస్తారు, రాదు. వాళ్ళకు తెలియదు కదా పాపం. తప్పు తమదే అనుకుని మళ్ళీ మళ్ళీ చేస్తారు."

"నువ్వు చెప్పింది నిజమే. మళ్ళీ గడువడిగి చూద్దాం. ఇదే ఆఖరుసారి అవుతుంది" అన్నాడాయన. ఆమె ఫోన్ పెట్టేసి, మంచి పొరలన్నిటినీ నా కత్తెర తీసుకుని ముక్కలు చేసింది. నేను ఒక ముక్క దాచుకోబోతే చేతిలోంచి లాక్కుంది.

ఆ రోజు నుంచి ఆమె పసుపు మానేసింది. పుస్తెలు బంగారు గొలుసుకు మార్చుకుంది. కూరలో పసుపు పడిన రోజున స్పూనుతో తినేది. మాకు ఇది నవ్వులాటగా ఉండేది. వాళ్ళింట్లో కాదు. అత్తగారు రెండు శుక్రవారాలు ఊరుకుని, మూడో శుక్రవారం "మొగుడు బతికుండగా పసుపు మానేసిన ఆడదాన్ని నిన్నే చూశాను" అందట. అది కూడా ఆమె నవ్వుతూనే చెప్పింది, కానీ ఆ పూట గంజి ఉండ కట్టింది.

వాళ్ళాయన ఎల్‌బీ నగర్‌లో ఒక కంపెనీలో లెక్కలు చూసే మనిషి. సాయంత్రం స్కూటర్ మీద వచ్చి సందు మొదట్లో నిలబడి హారన్ కొట్టేవాడు. మనిషెప్పుడూ లోపలికి రాలేదు, హారన్ వచ్చేది. "అక్కా, బావ పిలుస్తున్నడు" అనేవాణ్ణి హారన్‌ను. ఆ తర్వాతి చలికాలం ఆయనకు గుండెనొప్పి వచ్చింది. దవాఖానలో స్టెంట్ వేశారు. అత్తగారు అక్కడే, అందరి ముందూ, కోడలి కాళ్ళు పట్టుకోబోయిందట. "నా కొడుకు కోసం ఆ తాడు కట్టుకోవే తల్లీ" అని.

ఆమె కట్టుకుంది. ఇంట్లో కట్టుకుంది. నా దుకాణంలో వెనక గది గుమ్మం దగ్గరకు రాగానే తీసి, కవర్లో చుట్టి నా చేతికిచ్చింది.

"ఇది కాస్త గల్లాపెట్టెలో పెట్టు."

నేను దేవుళ్ళ మీద కూడా జోకులేసే మనిషిని. ఆ కవర్ పట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. "అక్కా, గట్ల తియ్యకు. సార్‌కు అసలే మంచిగ లేదు."

"ఆయన గుండెలో వేసింది స్టెంటు తమ్ముడూ. నా మెడలో దారానికి దానికీ ఏ సంబంధమూ లేదు. పెట్టు."

మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. ఒకసారి కాదు, తోముతూనే ఉంది. తర్వాత బల్ల దగ్గర నిలబడి పోసింది. ఏ సంబంధమూ లేదన్న మనిషి, పోసేంతసేపూ ఫోన్‌ను బల్ల మీద, కళ్ళ ముందే పెట్టుకుంది. ఒకసారి ఏదో ప్రకటన ఫోన్ వచ్చి అది మోగితే ట్రే చేతిలోంచి జారిపోయింది. పని కాగానే ఇంకే మాటా మాట్లాడకుండా గల్లాపెట్టె దగ్గరికి వచ్చి, తాడు తీసుకుని, కళ్ళకద్దుకుని మెళ్ళో వేసుకుంది. అప్పుడు కూర్చుంది. అప్పుడు నీళ్ళు తాగింది.

వచ్చినప్పుడల్లా ఇదే వరస. నాకు భయం పోవడానికి జోకు తప్ప వేరే మందు తెలియదు. "సార్ పానం నా గల్లల ఉన్నది. జర జల్ది కానియ్యక్కా, చిల్లర ఇచ్చేటప్పుడు ఎవరికన్న ఇచ్చేస్తనేమో." ఆమె పెదాలు బిగించి, నవ్వును ఆపుకుని, చెయ్యి కదలకుండా పోసేది.

ఆఖరి శనివారం మధ్యాహ్నం వచ్చింది. రెండోసారి పొడిగించిన గడువు ఇంకో రెండు నెలలుంది. ద్రావణాన్ని ఎత్తి వెలుతురుకు పట్టుకుని, "ఈసారి బాగా కుదిరింది తమ్ముడూ, ఉండ లేదు, బుడగ లేదు" అంది. పోసి, మూత వేసి, వేలితో నన్ను బెదిరించింది.

"సోమవారం దాకా ఈ గదిలోకి ఎవర్నీ రానీకు."

"నన్ను గూడ?"

"నిన్ను ముఖ్యంగా."

తాడు వేసుకుంది. హారన్ వినపడింది. పోయింది.

ఆదివారం పొద్దున డాబా మీద బట్టలు ఆరేస్తూ పడిపోయిందట. తలలో నరం చిట్లిందన్నారు. దవాఖాన గేటు దాటేలోపే అయిపోయింది. అందరూ ఆయన గుండె గురించి భయపడుతుంటే, ఆమె తల గురించి ఎవరికీ తోచలేదు. ఆమెకు కూడా.

అంత్యక్రియల నుంచి వచ్చి వెనక గది గుమ్మంలో నిలబడ్డాను. మూత వేసిన ట్రే బల్ల మీద అట్లాగే ఉంది. లోపలికి పోలేదు. సోమవారం అయిపోయింది, మంగళవారం అయిపోయింది. రెసిన్ ఆర్డర్లు ఆపేశాను. ఫ్యాన్ స్విచ్ మీద టేపు వేశాను. తీసేది ఆమె కదా. నేను తీస్తే చిరిగితే ఎవరికి చెప్పుకోవాలి. గైడుకు ఫోన్ చేస్తే, కొలతలన్నీ తన దగ్గర ఉన్నాయని, కొలతలుంటే సరిపోదని చెప్పి ఆయనే ఏడ్చాడు.

పెద్దకర్మ అయిన రెండో రోజు మధ్యాహ్నం వాళ్ళాయన వచ్చాడు. హారన్ లేదు. నడిచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచాడు. నా దుకాణంలో ఎవరూ చెప్పులు విడవరు.

"శనివారం ఒక పొర పోశానని చెప్పింది" అన్నాడు. "వచ్చిందాండీ అది?"

ఈయనకు ఇవేవీ తెలియవనుకున్నాను.

"రోజూ చెప్పేది. అన్నం వడ్డిస్తూ చెప్పేది. నాకు సగం అర్థమయ్యేది కాదు, తల ఊపేవాణ్ణి. తాడు మీ దగ్గర తీసి పెడుతుందని కూడా చెప్పింది. అమ్మకు చెప్పొద్దంది."

"మీకు కోపం రాలేదా సార్?"

"భయమేసింది. నాకోసం కాదు" అన్నాడు.

వెనక గదిలోకి తీసుకెళ్ళాను. చేతులు కడుక్కుని మూత తీశాను. పొరను మీరే తీయండన్నాడు. బ్లేడుతో మూల లేపి, ఊపిరి బిగబట్టి, వేలెడంత వేలెడంతగా లాగాను. ఆమెలా "రా తల్లీ" అని బతిమాలడం నాకు చేతకాలేదు. పొర చిరగకుండా మొత్తం లేచి వచ్చింది. టార్చి ఆయన చేతికిచ్చాను. వేశాడు. మూల నుంచి మూలకు ఒకే నీలం. ఎక్కడా పచ్చ లేదు, మబ్బు లేదు. ఆ గదిలో అన్నేళ్ళలో నేను చూసిన వాటిలో అంత సమంగా వెలిగింది లేదు.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే సార్."

"అయితే వచ్చినట్టేనా?"

జీవితమంతా ఎదుటివాడికి ఏం వినాలనుందో అదే చెప్పి బతికినవాణ్ణి. రేపటికల్లా బోర్డు రెడీ అని చెప్పినంత తేలిగ్గా, వచ్చింది సార్ అనొచ్చు. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయేవాడు.

"ఇంకా తెల్వదు సార్. ఎండల పెట్టాలె. సగం కప్పి, సగం ఇడిచి. నెల తర్వాత గీత పడకపోతే ఒచ్చినట్టు. గప్పుడు గూడ ఇది ఒక్కటే. ఆమె లెక్కల ఒక్కటొస్తే ఒచ్చినట్టు కాదు."

ఆయన టార్చి ఆపాడు. పొర మళ్ళీ మామూలు అద్దంలా, ఏమీ లేనట్టు అయిపోయింది.

"ఎండలో పెడితే పాడైపోతుందా?"

"పోవచ్చు."

"ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో పెట్టుకుంటే?"

"మీరున్నన్ని రోజులు గిట్లనే ఉంటది సార్. చీకట్ల."

ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. గదిలో గాలి లేదు. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది, నాది కూడా. బయట సందులో ఎవరో కోచింగ్ పిల్లలు లెక్కల పరీక్ష గురించి కొట్లాడుకుంటూ పోయారు. చివరికి పొర కోసం చెయ్యి చాచాడు. ఆ పది రోజుల కార్యక్రమాల పసుపు ఆయన గోళ్ళలో ఇంకా ఉంది.

"సార్, చేతులు" అన్నాను.

ఆయన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. కుళాయి దగ్గరికి వెళ్ళాడు. సబ్బు తీసుకుని మోచేతుల దాకా తోముకున్నాడు, కడిగాడు, మళ్ళీ తోముకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నీళ్ళు చాలాసేపు పోయాయి. నేను పొరను రెండు చేతులతో పట్టుకుని అటువైపు చూడకుండా నిలబడ్డాను.

తడి తుడుచుకుని వచ్చి, "నల్ల కాగితం ఎక్కడుంది?" అన్నాడు.

ఇచ్చాను. ముందు గదిలోకి వెళ్ళి ఎండ పడే కిటికీలో పొరను తనే నిలబెట్టాడు. కాగితాన్ని ఎడమ పక్కకు అతికించబోయి ఆగాడు. అంచు సరిగ్గా సగానికి వచ్చిందో లేదో కాస్త దూరం నుంచి చూసి చెప్పమన్నాడు.

"నాకు కనపడ్తలేదు సార్" అన్నాను. "మీరే చూస్కోండ్రి."